డెబ్బది రెండు వేల జనుల పల్లె

కెనడా దేశపు పశ్చిమ భాగమున ఆల్బెర్టా అను రాష్ట్రము కలదు. దాని రాజధాని ఎడ్మంటన్ నగరమునకు తూర్పున, ఆనుకొనియే, షేర్‌వుడ్ పార్క్ అను ఊరున్నది. 2021వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చట 72,017 మంది నివసించుచున్నట్లు తేలినది. విశాలమైన వీధులు, అంగళ్ళు, పాఠశాలలు, ఆసుపత్రి, ఒక నగరమునకు ఉండవలసిన హంగులన్నియు దానికున్నవి. అయినను చట్టము దృష్టిలో అది నగరము కాదు, పట్టణము కాదు, గ్రామమైనను కాదు. అది "హామ్లెట్", అనగా మన మాటలో శివారు పల్లె. అదే రాష్ట్రమున వెటాస్కివిన్ అను ఊరు 1906లో, రెండు వేల జనాభా యైనను లేనప్పుడే, నగరమను బిరుదును పొందినది.

మన భాషలోను పల్లె, గ్రామము, పట్టణము, నగరము అను మాటలు కలవు. సంభాషణలో వానిని మనము కంటికి కనిపించిన పరిమాణమును బట్టి వాడుదుము. ప్రభుత్వపు కాగితములలో మాత్రము రెవిన్యూ గ్రామము వేరు, దాని శివారు వేరు, పంచాయతీ వేరు, మునిసిపాలిటీ వేరు. ఆల్బెర్టాలోను అంతియే. ఒక ఊరిని ఏ పేరున పిలువవలెనను ప్రశ్నలో అచ్చటి నూరేండ్ల చరిత్ర ఇమిడి యున్నది గనుక, దానిని కొంచెము తీరికగా పరిశీలింతము.

కెనడా సమాఖ్యను ఏర్పరచిన 1867 నాటి చట్టము మునిసిపల్ సంస్థలపై అధికారమును కేంద్రమునకు గాక రాష్ట్రములకు వదలినది. అందుచేత ఒక్కొక రాష్ట్రమున ఒక్కొక పద్ధతి నెలకొన్నది. ఆల్బెర్టా 1905 సెప్టెంబరు 1వ తేదీన రాష్ట్రమైనది. అంతకు పూర్వము అది వాయవ్య ప్రాంతములలో ఒక భాగము. దాని వైశాల్యము 6,61,848 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములను రెంటిని కలిపినను దానిలో సగమునకు చాలవు. జనులు మాత్రము 2021లో నలుబది రెండు లక్షల పైచిలుకు. హైదరాబాదు నగరమొక్కటే అంతకన్న అధికముగా జనులను మోయుచున్నది.

ఈ సీమలో ఊళ్ళు పుట్టకముందే గళ్ళు పుట్టినవి. 1871 నుండి ప్రభుత్వపు సర్వేయర్లు పశ్చిమ మైదానములను చదరంగపు బల్లవలె కొలిచిరి. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల గడి ఒక టౌన్‌షిప్. అందులో ముప్పది యారు సెక్షనులు. ఒక్కొక సెక్షను చదరపు మైలు, అనగా 640 ఎకరములు. 1872 నాటి భూముల చట్టము ప్రకారము పది డాలర్ల రుసుము చెల్లించి, మూడేండ్లు అచ్చటనే నివసించి సేద్యము చేసినవానికి 160 ఎకరములు సొంతమగును. మన గ్రామములు చెరువు గట్టునను, ఏటి యొడ్డునను, గుడి చుట్టును పెరిగినవి. అచ్చటి రైతు తన గడి నడుమ ఒంటరిగా ఇల్లు కట్టుకొనెను. పొరుగువాని ఇంటి దీపము కనబడుటయే భాగ్యము. అట్టి చోట ఊరు అనదగినది ఏది?

మొదట వారికి కావలసినది ఊరు కాదు, బాట. రెండవది, కార్చిచ్చు నుండి రక్షణ. వేసవిలో ఎండిన గడ్డి అంటుకొన్నచో మంట మైళ్ళకొలది పరుగెత్తును. నేలను వెడల్పైన పట్టీలుగా దున్ని ఉంచినగాని అది ఆగదు. ఈ రెండు పనులకై పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములలో చిన్న చిన్న మండలములు ఏర్పడినవి. పన్ను రొక్కముగా నీయలేని రైతు తన గుఱ్ఱములతో, నాగలితో వచ్చి కొన్ని దినములు బాట పని చేసి ఋణము తీర్చుకొనుచుండెను. నేటి మునిసిపల్ జిల్లాలు, కౌంటీలు అను గ్రామీణ సంస్థల మూలములు ఇచ్చట ఉన్నవి. ఆల్బెర్టాలో స్థానిక పరిపాలన కచేరీలో పుట్టలేదు. నాగటి చాలులో పుట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదని మా తలంపు.

తరువాత రైలు వచ్చినది. ధాన్యపు బండి ఒక్క దినములో పోయి తిరిగి రాగల దూరములో స్టేషనులు వెలసినవి. ప్రతి స్టేషను కడను ఎత్తైన ధాన్యపు గిడ్డంగి, ఒక అంగడి, ఒక కమ్మరి కొలిమి, ఒక తపాలా కార్యాలయము. అవి గ్రామములైనవి, కొన్ని పట్టణములైనవి. కాల్గరి 1884లో పట్టణమై 1894లో నగరమైనది. ఎడ్మంటన్ 1892లో పట్టణము, 1904లో నగరము. ఆ దినములలో నగరమను పేరు ఒక ఆశాపత్రము వంటిది. వెటాస్కివిన్ ఉత్సాహమునకు కారణమిదియే. పేరు పెద్దదైనచో ధనికులు వచ్చి భూములు కొందురని అందరును నమ్మిరి.

నేడు అమలులో ఉన్నది 1994లో చేసిన మునిసిపల్ ప్రభుత్వ చట్టము. దీని ప్రకారము గ్రామమగుటకు మున్నూరు మంది, పట్టణమగుటకు వేయి మంది, నగరమగుటకు పదివేల మంది ఉండవలెను. ఇండ్లలో అధిక భాగము 1,850 చదరపు మీటర్లకు లోబడిన స్థలములలో కట్టినవై యుండవలెను. మన లెక్కలో అది సుమారు 2,200 చదరపు గజములు. హామ్లెట్‌కు ఐదు ఇండ్లున్నను చాలును. దానికొక పేరు, నలుగురు ఒప్పుకొన్న ఎల్లలు, నివాసమునకు గాక ఇతర పనులకు వాడు స్థలములు కొన్ని ఉండవలెను. అయితే గ్రామమునకు, పట్టణమునకు, నగరమునకు సొంత పాలక మండలి యుండును; హామ్లెట్‌కు ఉండదు. అది తాను నెలకొన్న జిల్లా పాలక మండలి క్రిందనే యుండును.

ఇందులో ఒక కిటుకు ఉన్నది. సంఖ్య అర్హతను మాత్రమే కలిగించును, నిర్బంధము లేదు. పైమెట్టు ఎక్కుమని ఎవరును తరుమరు. కాక్రన్, ఓకోటోక్స్ అను రెండు ఊళ్ళు 2021లో ముప్పది వేలు దాటియు పట్టణములుగానే యుండినవి. డ్రమ్‌హెలర్ 1930లో నగరమైనది. 1998లో ప్రక్క గ్రామీణ జిల్లాతో కలిసి తిరిగి పట్టణమైనది. అందుచేత ఊరెంత పెద్దదని అడిగి లాభము లేదు. ఎవరి పన్ను ఎవరి ఖజానాకు చేరుచున్నదని అడుగవలెను.

షేర్‌వుడ్ పార్క్ కథ ఇచ్చట తిరిగి మొదలగును. 1947 ఫిబ్రవరిలో ఎడ్మంటన్‌కు దక్షిణమున లెడక్ కడ చమురు బయల్పడెను. వెంటనే ఎడ్మంటన్ తూర్పు ఎల్ల దాటి, స్ట్రాత్‌కోనా అను గ్రామీణ ప్రాంతమున, చమురు శుద్ధి కర్మాగారములు వరుసగా లేచినవి. వానికి ఇంకను తూర్పున 1950వ దశకమున ఒక కొత్త నివాస ప్రాంతమును నిర్మించిరి. మొదట దాని పేరు క్యాంప్‌బెల్‌టౌన్. పిదప షేర్‌వుడ్ పార్క్. కర్మాగారములు, పొలములు, ఈ కొత్త ఇండ్లు, అన్నియు ఒకే గ్రామీణ సంస్థ క్రింద నుండెను. కర్మాగారములు చెల్లించు ఆస్తి పన్ను వలన రైతుకును గృహస్థునకును మేలు కలిగెను. షేర్‌వుడ్ పార్క్ వేరు నగరముగా విడిపోయినచో ఆ పన్ను ఎవరి పాలగును? ఈ ఒక్క ప్రశ్నయే ఆ ఊరిని పల్లెగా నిలిపినది.

ఎడ్మంటన్ నగరమునకు ఇది రుచించలేదు. తన ఎల్ల ప్రక్కన లేచిన పొగగొట్టముల రాబడి పొరుగువారికి పోవుచుండగా, ఆ పొరుగువారు దినదినము తన బాటలనే వాడుకొనుచున్నారను బాధ దానిది. 1979లో షేర్‌వుడ్ పార్క్‌ను, ఉత్తరమున ఉన్న సెయింట్ ఆల్బర్ట్ నగరమును, చుట్టుపట్ల విశాల ప్రాంతములను తనలో కలుపవలెనని అర్జీ పెట్టెను. సుదీర్ఘమైన విచారణ జరిగినది. స్థానిక సంస్థల బోర్డు 1980లో చాల వరకు ఎడ్మంటన్ పక్షమున తీర్పు చెప్పెను. ఆ రెండు ఊళ్ళ జనులు గట్టిగా ప్రతిఘటించిరి. తుది నిర్ణయము రాష్ట్ర మంత్రివర్గముది; 1981లో అది ఎడ్మంటన్‌కు భూమిని మాత్రము పుష్కలముగా నిచ్చి, ఈ రెండు ఊళ్ళను వదలివేసెను. 1996లో స్ట్రాత్‌కోనా కౌంటీ "ప్రత్యేక మునిసిపాలిటీ" యైనది. ఊరును పొలమును ఒకే మండలి పాలించుటకై కల్పించిన కొత్త తరగతి యిది. ప్రభుత్వ సహాయ ధనముల విషయమున షేర్‌వుడ్ పార్క్‌ను నగరముతో సమానముగా చూచుటకును ఒప్పుకొనిరి. నగరపు లాభము దక్కినది. పల్లె పేరు మిగిలినది. దీనిని జనుల మూర్ఖత్వమని నవ్వుటకు వీలులేదు. లెక్క తెలిసినవారు చేసిన పని.

ఎడ్మంటన్ న్యాయము సంగతి ఏమని శ్రోతలు అడుగవచ్చును. ఆ వాదములో బలము లేకపోలేదు. పెద్ద నగరము ఆసుపత్రులను, విశ్వవిద్యాలయమును, వంతెనలను భరించుచుండ, దాని నీడలోని ఊరు తక్కువ పన్నుతో సుఖించుట ఎల్లప్పుడును సమంజసము కాదు. కాని జనుల ఇష్టమునకు విరుద్ధముగా ఊరిని ఊరిలో కలుపుట అంతకన్న కష్టమైన పని.

ఉత్తరమున ఫోర్ట్ మక్‌మరీలో ఇదే చిక్కును మరియొక విధముగా విప్పిరి. అది 1947లో గ్రామము, మరుసటి యేట పట్టణము. 1961లో అచ్చట ఉన్నవారు సుమారు పన్నెండు వందలు. చమురు ఇసుక నుండి నూనె తీయు మొదటి పెద్ద కర్మాగారము 1967లోను, రెండవది 1978లోను ప్రారంభమైనవి. జనులు వెల్లువగా వచ్చిరి. 1980లో అది నగరమైనది. అయితే గనులు నగరపు ఎల్లల వెలుపల ఉండెను. పనివారి ఇండ్లు, మురుగు కాలువలు, పాఠశాలల పిల్లలు లోపల నుండిరి. 1995 ఏప్రిల్ 1న నగరమును, చుట్టు నున్న అభివృద్ధి జిల్లాను కలిపి వేసిరి. నేడు వుడ్ బఫలో ప్రాంతీయ మునిసిపాలిటీ యనబడు దాని వైశాల్యము తెలంగాణలో సగమునకు మించినది. ఫోర్ట్ మక్‌మరీ నగరమను బిరుదును పోగొట్టుకొని "పట్టణ సేవా ప్రాంతము" అయినది. గనుల పన్ను మాత్రము ఇంటికి వచ్చినది. ఇదే మునిసిపాలిటీలో 1788లో ఉన్ని తోళ్ళ వర్తకమునకై స్థాపించిన ఫోర్ట్ చిపెవాయన్ కూడ ఉన్నది. అది ఆల్బెర్టాలో యూరోపీయుల అతి ప్రాచీన నివాసములలో ఒకటి. అచ్చటికి శీతకాలమున మంచు బాట మీదను, తక్కిన కాలమున విమానములోను, పడవలోను పోవలసి యుండును.

ఈ వరుసలో "వేసవి గ్రామము" అను ముచ్చటైన తరగతి యొకటి కలదు. నగరవాసులు సరస్సుల యొడ్డున కట్టుకొన్న విడిది ఇండ్ల సముదాయములకు సొంత మండలులుండును. ఎన్నికలు వేసవిలోనే జరుగును, ఏలయన ఓటర్లు అప్పుడే అచ్చట ఉందురు. ఇట్టివి యాబది వరకు కలవు. 1994 చట్టము వెనుక కొత్తవి ఏర్పడుటకు వీలులేదు. లాయిడ్‌మిన్‌స్టర్ మరియొక వింత. 1903లో ఇంగ్లండు నుండి వచ్చినవారు స్థాపించిన ఈ ఊరి నడుమ 1905లో రాష్ట్రపు సరిహద్దు గీత పడెను. సగము ఆల్బెర్టాలో, సగము సస్కాచువాన్‌లో. ఇరువది యైదేండ్లు రెండు పాలక మండలులతో వేగి, 1930లో రెండు ప్రభుత్వముల సమ్మతితో ఒక్కటియై, 1958లో నగరమైనది.

ఇంతవరకు చెప్పిన మెట్లన్నియు వలస వచ్చినవారి కొరకు కట్టినవి. ఆ భూములు శూన్యములు కావు. ఆదిమ జాతులతో 1876, 1877, 1899లలో చేసికొన్న ఒడంబడికల తరువాత వారికి వదలిన రిజర్వులు కేంద్ర ప్రభుత్వపు అధికారమునకు లోబడినవి. రాష్ట్రపు మునిసిపల్ చట్టము వానికి వర్తింపదు. ఆదిమ జాతులకును యూరోపీయులకును పుట్టిన మేటీలకు రిజర్వులును లేవు. సర్వేయర్లు గీచిన గళ్ళలో చోటు దొరకక, గళ్ళ మధ్య బాట కొరకు వదలిన సన్నని పట్టీలలో అనేకులు గుడిసెలు వేసికొని బ్రతికిరి. మాల్కం నారిస్, జిమ్ బ్రేడీ, జో డయన్ మొదలగు నాయకుల ఆందోళన ఫలితముగా 1934లో విచారణ సంఘము, 1938లో చట్టము వచ్చినవి. పండ్రెండు నివాసములకు భూములు కేటాయింపగా నాలుగు మూతపడినవి, ఎనిమిది నిలిచినవి. 1990 నాటి చట్టముతో సుమారు పండ్రెండున్నర లక్షల ఎకరములపై హక్కును, ఎన్నికైన మండలులును వారికి లభించెను. వీనిని గ్రామములనరు, పట్టణములనరు. "మేటీ సెటిల్‌మెంట్లు" అనుటయే. బాట ప్రక్క పట్టీ నుండి ఈ పేరు వరకు వచ్చుటకు వారికి పట్టిన కాలమును తలచినచో, పేరు సామాన్యమైనది కాదని మనకు తోచును.

మెట్లు దిగువారును కలరు. రాకీ పర్వతముల అంచున బొగ్గు గనుల కొరకు 1966లో ప్రభుత్వము గ్రాండ్ కాష్ అను కొత్త ఊరును ఏర్పరచెను. 1983లో అది పట్టణమైనది. 2015లో గని మూతపడగా పనివారు వెడలిపోయిరి. మిగిలిన మూడున్నర వేల మందికి పన్నుల భారము దుస్సహమైనది. చుట్టు నున్న గ్రీన్‌వ్యూ జిల్లాకు చమురు, వాయువు బావుల రాబడి కలదు. 2018లో ఊరివారిని ఓటు అడుగగా, ఇంచుమించు అందరును తమ పట్టణమును రద్దు చేయుమనియే చెప్పిరి. 2019 జనవరి 1 నుండి గ్రాండ్ కాష్ హామ్లెట్ అయినది. ఇప్పుడు దానికి మేయరు లేడు. దాని ప్రతినిధులు గ్రీన్‌వ్యూ పాలక మండలిలో కూర్చొనుచున్నారు. ఆ మండలి కార్యాలయము రెండు వందల కిలోమీటర్లకు మించిన దూరమున, వ్యాలీవ్యూ అను పట్టణమున ఉన్నది.