పాలు విరిగితే ఎవరికి నష్టం?

తెలుగులో చీజ్‌కి సొంత మాట లేదు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులవాళ్ళు చీజ్ ఎదురుగా "జున్ను" అని వేసి ఊరుకున్నారు. దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాం. పత్రికల ఆరోగ్య శీర్షికల్లో, వాట్సప్ సందేశాల్లో "జున్నులో ఇంత కాల్షియం, అంత ప్రోటీన్" అని వస్తూనే ఉంటుంది. చదివేవాళ్ళు ఈనిన ఆవు మొదటి పాలలో బెల్లం, మిరియాలు వేసి వండే మన జున్ను అనుకుంటారు. అంకెలు మాత్రం డబ్బాలో వచ్చే చీజ్‌వి!

నిజానికి ఇవి మూడు వేర్వేరు సరుకులు. జున్ను ముర్రుపాలతో అవుతుంది. ఆ పాలలో రోగనిరోధక ప్రోటీన్లు చాలా ఎక్కువ కాబట్టి, వేడి తగలగానే కోడిగుడ్డు గట్టిపడ్డట్టు గట్టిపడుతుంది. వడకట్టేది లేదు, పారబోసేది లేదు. రెండోది ఛేనా. మామూలు పాలు కాచి, పుల్లటిది ఏదైనా కలిపి విరగ్గొట్టి, గుడ్డలో వడకడితే మిగిలే ముద్ద అది. బరువు పెట్టి అదిమితే పనీర్. మూడోది చీజ్. దాన్ని దూడ పొట్టలో ఉండే ఒక ఎంజైముతో పేరబెట్టి, ఉప్పు పట్టించి, చాలా రకాల్ని నెలల తరబడి ముగ్గబెడతారు. మన దేశంలో అమ్మే చీజ్‌లో ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైమే వాడుతున్నారు, ఆ సంగతి డబ్బా మీద రాస్తున్నారు కూడా. మూడింటికీ ఒకే పేరు పెట్టడమంటే క్యాష్ బుక్కునీ, లెడ్జర్నీ, పాస్ బుక్కునీ కలిపి "పుస్తకం" అనడమే. ఆడిట్‌లో అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

జున్ను మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఆవు ముర్రుపాలకి ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తాం. అదే బాలింత ముర్రుపాలు "చెడ్డపాలు" అని పిండి పారబోయించి, బిడ్డ నోట్లో తేనె చుక్క వేసే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు దేశంలో 41.8 శాతమే. ఆవు జున్నులోని రోగనిరోధక ప్రోటీన్లని మనం ఎలాగూ పొయ్యి మీద ఉడికించేస్తున్నాం. తల్లి ఇచ్చేవి పచ్చిగా, పనిచేసే స్థితిలో ఉంటాయి. ఏది దాచుకోవాలో ఏది పారెయ్యాలో తెలుసుకోవడానికి ఏ శాస్త్రాలూ తిరగెయ్యనక్కరలేదు కదా.

ఇక విరిగిన పాల చరిత్ర. నేనుండే జంషెడ్‌పూర్ దీనికి మంచి చోటు. 1907లో టాటా ఇనుము కంపెనీ పెట్టినప్పుడు ఈ సింగ్‌భూమ్ జిల్లా బెంగాల్లో ఉంది. 1912లో బీహార్-ఒరిస్సాలోకి, 1936లో బీహార్‌లోకి, 2000 నవంబరులో జార్ఖండ్‌లోకి వచ్చింది. ఊరు కదల్లేదు, సరిహద్దులే కదిలాయి. ఒక పక్క బెంగాల్, ఒక పక్క ఒడిశా. రెండూ ఛేనా రాజ్యాలే. మధ్యలో ఫ్యాక్టరీ పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్ళు. ఇక్కడి పాతకాపులైన హో, సంతాల్ జనం సంప్రదాయంగా ఆవు పాలు పిండేవారే కాదు, తల్లి పాలు దూడవి అనేవారని పాత మానవశాస్త్ర రచనలు చెబుతున్నాయి. ఒకే బజారులో పాల గురించి ఇన్ని రకాల మనుషులు!

మనవాళ్ళు తమతో తెచ్చుకున్నది ఏమిటో మీకు తెలుసు. పాలు పొంగితే శుభం, విరిగితే అరిష్టం. నలభై ఏళ్ళ కిందట ఇక్కడే ఒక తెలుగు ఇంట గృహప్రవేశం. ఎండాకాలం, పాలు తెచ్చి నాలుగు గంటలు పక్కన పెట్టారు. కొత్త కోడలు పొయ్యి వెలిగించింది, పాలు విరిగాయి. పంతులుగారు శాంతి చేయించారు. పక్కింటి బెంగాలీ ఆవిడ, "అయ్యో, పారబోస్తారెందుకు, ఛేనా చేసుకోవచ్చుగా" అంటే అందరూ ఆవిణ్ణి వింతగా చూశారు. ఆరు నెలలకి ఆ మామగారికి పక్షవాతం వచ్చింది. ఆయనకి రక్తపోటు ఎప్పట్నించో ఉంది, మందు సరిగ్గా వేసుకునేవారు కాదు. అయినా లెక్క మాత్రం ఆ పిల్ల ఖాతాలోనే రాశారు. ఆయన పోయిన తర్వాత కూడా ఆ మాట పోలేదు. "నువ్వు పొయ్యి వెలిగించిన చెయ్యి మంచిది కాదు" అన్నమాట ఆవిడ తన కూతురి పెళ్ళి దాకా విన్నది.

జరిగిందేమిటి? తాజా పాల పిహెచ్ 6.6, 6.7 దగ్గర ఉంటుంది. వెచ్చగా ఉంటే బాక్టీరియా పాలలోని చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పిహెచ్ 4.6కి దిగితే చల్లటి పాలు కూడా గడ్డకడతాయి, దాన్నే పెరుగు అని లొట్టలేసుకు తింటున్నాం. కొంచెం పులిసిన పాలని కాచారనుకోండి, అంతదాకా దిగకముందే విరిగిపోతాయి. పొయ్యి వెలిగించిన చేతితో దీనికి సంబంధం లేదు. తెల్లవారుజామున పాలు తెచ్చినవాడిని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు, గమనించారా?

ఈ భయం వేదకాలం నుంచీ ఉందని చెప్పే చరిత్ర ఒకటుంది. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవారు కె.టి. అచ్చయ. హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనశాలలో చాలా ఏళ్ళు నూనెల మీద పనిచేసిన రసాయన శాస్త్రవేత్త. భారతీయ ఆహార చరిత్ర మీద 1994లో వచ్చిన ఆయన పుస్తకం నాకు చాలా ఇష్టమైనది. ఆర్యులకి పాలు విరగ్గొట్టడం నిషిద్ధమనీ, 17వ శతాబ్దంలో బెంగాల్లో ఉన్న పోర్చుగీసువాళ్ళ వల్ల ఆ నిషేధం సడలిందనీ ఆయన వాదన. కృష్ణుడి కథల్లో పాలు, పెరుగు, వెన్న, నెయ్యి తప్ప ఛేనా కనబడదన్నది ఒక ఆధారం. బెంగాల్లో పోర్చుగీసువాళ్ళున్న చోట్ల మిఠాయిలు బాగుంటాయని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాయడం ఇంకొకటి. పెద్దవారి మీద గౌరవం ఉంచుకునే అడుగుతాను: ఇది సాక్ష్యమేనా? ఒక కథలో ఒక వంటకం పేరు లేకపోతే అది నిషేధం ఎలా అవుతుంది? కృష్ణుడి కథల్లో ఆవకాయ కూడా లేదు. బెర్నియర్ మెచ్చుకున్నది మిఠాయిల పనితనాన్ని, ఆ మాటల్లో విరిగిన పాల ఊసు లేదు.

ఎదురు సాక్ష్యం మాత్రం ఉంది. చరక, సుశ్రుత సంహితలు రెండింటిలోనూ కిలాటం అనే గడ్డకట్టిన పాల పదార్థం పేరుంది, పక్కనే పీయూషం, అంటే ముర్రుపాలూ ఉన్నాయి. వైద్యులు వాటిని "గురువు" అన్నారు, అంటే అరగడం కష్టమని. పాపమని అనలేదు. అంతకంటే గట్టి సాక్ష్యం మానసోల్లాసం. పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దం తొలి సగంలో రాయించిన సంస్కృత గ్రంథం. కాచిన పాలలో పులుపు కలిపి విరగ్గొట్టడం, గుడ్డలో వడకట్టడం, ఆ ముద్దకి బియ్యప్పిండి కలిపి ఉండలు చేసి వేయించి పాకంలో వెయ్యడం, అంతా అందులో ఉంది. రాజధాని కల్యాణి, ఇప్పటి బసవకల్యాణ్, తెలంగాణ సరిహద్దుకి అవతలే. ఓరుగల్లు కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యుల సామంతులే. వాస్కోడిగామా రావడానికి మూడున్నర శతాబ్దాల ముందు, మన పక్క రాజుగారి వంటింట్లో పాలు విరగ్గొట్టారన్నమాట.

ఇది చదివి "చూశారా, రసగుల్లా కూడా మన పురాతన విజ్ఞానమే" అని ఎగరనక్కరలేదు. పాలు ఎక్కడ కాస్తే అక్కడ విరుగుతాయి, ఆకలున్నవాడు దాన్ని పారెయ్యడు. ఇది పెద్ద కనిపెట్టుడేం కాదు. నేను చెప్పేది ఇంతే: "సనాతన నిషేధం" అన్నది కాగితం మీద నిలవడం లేదు. దేశమంతటికీ, అన్ని కాలాలకీ ఒకే ఆచారం ఉన్నట్టు రాసే అలవాటు సంప్రదాయవాదులకే కాదు, చరిత్రకారులకీ ఉంది.

ఈ నిషేధం కథ ఈ మధ్య కోర్టు కాగితాల దాకా వెళ్ళినంత పని చేసింది. 2015 నుంచి ఒడిశా, బెంగాల్ రసగుల్లా మాదంటే మాదని కొట్టుకున్నాయి. పూరీ గుడిలో నైవేద్యం పెట్టేవాళ్ళమని ఒడిశావాళ్ళంటే, విరిగిన పాలు అపవిత్రం కదా, దేవుడికెలా పెడతారని బెంగాలీవాళ్ళు! 2017 నవంబరులో బెంగాల్‌కి "బాంగ్లార్ రసొగొల్లా" అని, 2019 జులైలో ఒడిశాకి "ఒడిశా రసగోలా" అని భౌగోళిక గుర్తింపులిచ్చి ఇద్దర్నీ పంపేశారు. సాక్చీ బజారులో రెండూ దొరుకుతాయి. తినేవాడికి తగాదా లేదు.

అసలు అడగాల్సిన ప్రశ్న 1965లో ఒక ప్రభుత్వం అడిగింది. బెంగాల్లో పాల కొరత. ముఖ్యమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్ ఛేనా మిఠాయిల మీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చారు. పిల్లలకీ తల్లులకీ అందాల్సిన పాలు సందేశ్, రసగుల్లాల్లోకి పోతున్నాయని వాదన. బెంగాలీలకి ఎంత కోపం వచ్చి ఉంటుందో ఊహించుకోండి. మా ఊరు అప్పుడు బీహార్‌లో ఉంది కాబట్టి ఆ ఉత్తర్వు ఇక్కడ చెల్లలేదు. 1967 ఎన్నికల్లో సేన్ ఓడిపోయారు. తిండిగింజల సంక్షోభం పెద్ద కారణం, సందేశ్ చిన్న కారణం అయి ఉండాలి. అది పక్కన పెట్టి, సేన్ గారి వాదనలో పస ఉందా అని చూద్దాం. పాలు ఛేనా అయితే ఎంత పోతుంది?

సర్వీసంతా రక్షణ శాఖ లెక్కల్లో గడిపినవాణ్ణి. రేషన్ బిల్లుల్లో సరుకు ఎంత వచ్చింది, ఎంత వాడారు, ఎంత తరుగు రాశారు అన్నదే నా చూపు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారి ఆహార విలువల పట్టిక ముందేసుకున్నాను. 1937లో కూనూరులో అయ్‌క్రాయిడ్ మొదలెట్టగా, గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ పెంచి పోషించిన పట్టిక అది. వంద గ్రాముల ఛేనాకి సుమారు 600 గ్రాముల ఆవుపాలు పడతాయని లెక్క కట్టాను.

ప్రోటీన్: పాలలో 19.2 గ్రాములు, ఛేనాలో 18.3. దాదాపు అంతా మిగిలింది. కొవ్వు: 24.6 ఉంటే 20.8 మిగిలింది. పాల చక్కెర: 26.4 ఉంటే మిగిలింది 1.2 మాత్రమే. శక్తి: 402 కేలరీలకి 265, అంటే మూడో వంతు పోయింది. పోయిన చక్కెర, కొవ్వు, ప్రోటీన్లకి కేలరీలు కట్టి కూడితే 139 వస్తుంది, ఉండాల్సింది 137. వేర్వేరు నమూనాల మీద తీసిన అంకెలు ఇంత దగ్గరగా రావడం చూసి, నిజం చెప్పొద్దూ, పాత ట్రయల్ బ్యాలెన్సు కలిసిన రోజంత సంతోషమేసింది.

అసలు తరుగు కాల్షియంలో ఉంది. పాలలో 720 మిల్లీగ్రాములు, ఛేనాలో 208. మూడింట రెండు వంతులకి పైగా గుడ్డలోంచి కారిపోయింది! కారణం పులుపే. పాల ప్రోటీన్‌ని పట్టుకుని ఉండే కాల్షియం ఆమ్లం తగిలితే కరిగి నీటిలోకి వచ్చేస్తుంది. చీజ్‌లో ఎంజైముతో పేరబెడతారు కాబట్టి కాల్షియం ఎక్కువగా ముద్దలోనే ఉండిపోతుంది. పట్టికలో చీజ్‌కి 790 ఉండటానికి అదొక కారణం. ఇప్పుడు మళ్ళీ "జున్నులో కాల్షియం" దగ్గరికి వెళ్ళండి. చీజ్ అంకెని చూపించి పనీర్ కొనిపిస్తే వినియోగదారుడికి ఎంత తగ్గుతుందో తెలిసింది కదా. గేదెపాల ఛేనాకి 480 ఉందిగానీ, ఆ పట్టికలో దాని ప్రోటీన్ 13.4 మాత్రమే. పెద్దవాళ్ళకి రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో ఐసీఎంఆర్ చెప్పింది.

కాబట్టి సేన్ గారి వాదన సగం నిజం. ఎదిగే పిల్లలకి పాలు పాలుగా అందడమే మేలు: శక్తి, కాల్షియం రెండూ దక్కుతాయి. కానీ చక్కెర పోవడం అందరికీ నష్టం కాదు. పెద్దయ్యాక పాల చక్కెరని అరిగించుకునే జన్యు మార్పు మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువ. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్ళు మనలో చాలామంది. వాళ్ళకి ఆ తరుగే లాభం. అందులోనే ప్రోటీన్ దొరుకుతుంది, పొట్ట గోల చెయ్యదు. "పనీర్ వేడి చేస్తుంది, చీజ్ చలవ" లాంటి మాటలకంటే ఈ ఒక్క సంగతి పనికొస్తుంది.

డబ్బా చీజ్‌లో ఉప్పు బాగా ఎక్కువ, రక్తపోటున్నవాళ్ళు చూసుకోవాలి. పనీర్‌లో పిండి కల్తీ అనుమానమొస్తే ఒక చుక్క అయోడిన్ వెయ్యండి, పిండి ఉంటే నీలమవుతుంది. నూనెతో చేసిన నకిలీని మాత్రం ఆ చుక్క పట్టుకోలేదు.

ఇక ఆ గుడ్డలోంచి కారిన తేట. మిఠాయివాళ్ళలో తెలిసినవాళ్ళు దాన్ని పులియబెట్టి మర్నాడు పాలు విరగ్గొట్టడానికి వాడతారు, మిగిలింది కాలవలోకి పోతుంది. విదేశాల్లో చీజ్ తీయగా మిగిలే తేటలోని ప్రోటీన్ని వేరుచేసి పొడి చేసి, కండలు పెంచుకునే కుర్రాళ్ళకి వేలరూపాయల డబ్బాగా అమ్ముతున్నారు. మా ఇంట్లో ఛేనా తీసిన రోజు ఆ అర లీటరుతో చపాతీ పిండి కలుపుతాం, మిగిలితే పప్పులో పోస్తాం. కాస్త పులుపు తగిలి బాగానే ఉంటుంది. పారబోసే 512 మిల్లీగ్రాముల కాల్షియంలో చాలా భాగం అలా మళ్ళీ కంచంలోకి వస్తోంది.