వర్ధన్నపేట పరిసరాల్లో 1941–51: గ్రంథాలయంలో చూడవలసిన చరిత్ర

వరంగల్–ఖమ్మం రహదారి మీది వర్ధన్నపేట చుట్టుపక్కల ప్రాంతం తెలంగాణ రైతాంగ పోరాటాన్ని దగ్గరి నుంచి చూసింది. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన చిలుకూరులో జరిగిన ఆంధ్రమహాసభతో ఆ దశాబ్దం ఊపందుకుంది. 1944లో భువనగిరి సభ ఆంధ్రమహాసభ సభ్యత్వ రుసుమును ఒక్క అణాకు తగ్గించింది. వెట్టి, లెవీ ధాన్యం, భూమి నుంచి వెళ్లగొట్టే బేదఖళ్లతో నలిగిన పాలేర్లు, కౌలుదార్లు అందులో చేరారు. పల్లెజనం దాన్ని సంఘం అని పిలుచుకున్నారు.

రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టి పాలకుర్తిలో కాపురమున్న చిట్యాల ఐలమ్మ, తన కౌలు పొలం పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం అండతో కాపాడుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొర గడి మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆగస్టు 11న వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసిన బత్తిని మొగిలయ్యను నిజాం పక్షపు రజాకార్లు చంపారు. 1948 సెప్టెంబరులో భారత సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆపైన సైన్యం సంఘం సాయుధ దళాల మీదికి మళ్లింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు.

ఈ మేల్కొలుపుకు ముందే గ్రంథాలయాలు నేల సిద్ధం చేశాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావలసిన ఆ కాలంలో, జనం తెలుగులో చదివి నలుగురితో మాట్లాడుకునే చోటు పఠన మందిరమే.

ఆ చరిత్రను డాక్యుమెంటరీలు, సినిమాల ద్వారా చెప్పడానికీ గ్రంథాలయమే తగిన చోటు. సునీల్ జానా తీసిన ఛాయాచిత్రాలు పోరాట కాలానివే. కిషన్‌చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన ‘మాభూమి’ మాత్రం మూడు దశాబ్దాల తర్వాతి పునఃసృష్టి. దాన్ని నిర్మించిన బి.నరసింగరావు తర్వాత తీసిన ‘మా ఊరు’ డాక్యుమెంటరీ తెలంగాణ పల్లె జీవనాన్ని నమోదు చేసింది. ఏది సాక్ష్యం, ఏది కల్పన, ఏది తర్వాతి కాలపు నమోదు అన్నది ప్రదర్శనకు ముందే ప్రేక్షకులకు చెప్పాలి.

తెర మీద చూసినదాన్ని సరిచూసుకోవడానికి పుస్తకం వెంటనే చేతికి అందడం గ్రంథాలయ ప్రదర్శనకున్న గొప్ప బలం. 1948 తర్వాత పోరాటం కొనసాగించడం సరైనదా కాదా అన్న విషయంలో కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి విభేదించారు. ఇద్దరి రచనలూ పక్కపక్కన చదివితేనే ఆ మూడేళ్లు అర్థమవుతాయి. పోరాటంలో పాల్గొన్న మహిళల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించింది. దళాలకు అన్నం వండిన, కబురు మోసిన ఆడవాళ్ల మాట అందులో వినిపిస్తుంది.

ప్రజా గ్రంథాలయాలు ఆస్తిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో నడుస్తాయి. అది ఊరందరి సొమ్ము. కాబట్టి దొర పక్షాన ఉన్న ఇంటివారూ, సంఘం పక్షాన ఉన్న ఇంటివారూ ఒకేచోట కూర్చుని ఆ దశాబ్దాన్ని చూసి, చర్చించుకునే హక్కు అక్కడ అందరికీ సమానమే.