చంద్రుని దాటిన సంతోషము, సంద్రమున దిగిన నౌక

మహానందము పొందినవాడు తాను చంద్రుని దాటిపోయితినని చెప్పుకొనుట ఆంగ్లేయుల వాడుక. 18వ శతాబ్దము నాటికే వారి శిశువులు వల్లించుచుండిన ఒక పిల్లల గేయమున ఆవు చంద్రుని మీదుగా దూకును. 1970వ దశకమున ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాండ్రు గెలుపు దక్కినపుడెల్ల ఈ పలుకుబడినే వాడుచుండుటచే అది విరివిగా వ్యాపించెను. సంబరము మిన్నంటినదని మనమును అందుము. కాని ఆనందము హద్దు మీఱినపుడు తెలుగువాడు ఆనందసాగరమున ఓలలాడును. ఆ మాట అక్షరాల చెల్లిన దినము విశాఖపట్టణ చరిత్రలో ఒకటి కలదు. అది 1948 మార్చి 14.

ఆనాటి సంతోషపు లోతు తెలియుటకు దాని వెనుకటి నిరీక్షణము తెలియవలెను. ఒకనాడు కోరంగిలో కొయ్య ఓడలు కట్టిన వడ్రంగుల తీరమిది. డాల్ఫిన్ నోస్ కొండ చెంత చిత్తడినేలను త్రవ్వి నిర్మించిన రేవులోనికి 1933 అక్టోబరు 7న జలదుర్గ అను ఓడ ప్రవేశించుటతో ఓడలు వచ్చిపోవుటకు చోటేర్పడినది గాని, ఆధునిక నౌకలను ఇచటనే కట్టుకొను భాగ్యము ఇంకను కలుగలేదు. 1919లో లాయల్టీ అను నౌకను బొంబాయినుండి లండనుకు నడిపి బ్రిటిషు నౌకాసంస్థల గుత్తాధిపత్యమును ధిక్కరించిన సింధియా కంపెనీ, వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వమున, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుచే ఇచట షిప్‌యార్డుకు శంకుస్థాపన చేయించినది. ఏడాది నిండకమునుపే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానములు విశాఖపై బాంబులు కురిపింపగా, జనులు మూటాముల్లెలతో పల్లెలకు తరలిపోయిరి.

ఇన్ని అంతరాయములను గడచి, స్వాతంత్ర్యము వచ్చి ఏడు నెలలు నిండుటకు ఒక్క దినము మిగిలియుండగా, గాంధీమహాత్ముని మరణశోకము ఇంకను ఆఱని ఆ దినములలో, ఆ షిప్‌యార్డున కట్టిన ఎనిమిదివేల టన్నుల నౌక జల ఉష నెహ్రూ చేతులమీదుగా నీట దిగినది. స్వతంత్రభారతమున జలప్రవేశము చేసిన తొలి సముద్రనౌక అదియే. ఓడను నీట దింపుటలోని ఉత్కంఠ వేఱొక కార్యమున కానరాదు: నెలల తరబడి వాలుపై కట్టిన ఉక్కుశరీరము, అడుగున పూసిన కొవ్వుమీదుగా, తన బరువుతో తానే జారి క్షణములలో నీటిని చేరవలెను, నడుమ ఆపుటకుగాని వెనుకకు లాగుటకుగాని వీలులేదు. అట్టి ముహూర్తమునకు సముద్రపు పోటు కావలెను, పోటునకు చంద్రుడు కావలెను. ఆంగ్లేయుని సంతోషము దాటిపోవు ఆ చంద్రుని అనుగ్రహము ఓడ కట్టువాని సంతోషమునకు ఆధారము. ఆనాటి ఆనందమున అధికభాగము వేదికపైనున్న పెద్దలది కాదనియు, ఎండలో రివెట్లు బిగించిన చేతులదేననియు నా దృఢవిశ్వాసము.

1970 ఏప్రిల్ 17న, ఉక్కు కర్మాగారము విశాఖకే వచ్చునని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించినపుడు ఈ నగరము మరల సంబరపడినది. కాని 1966 నవంబరు 1న ఆ కర్మాగారమునకై ఉద్యమించినవారిపై జరిగిన కాల్పులలో రాలిన ప్రాణములు ఆ సంబరమునకు మూల్యమైనవి గనుక, దానిని ఆనందసాగరమను పలుకుబడిలో చెప్పుటకు నాకు మనసొప్పదు.