సుత్తి దెబ్బా, స్టాలిన్ బహుమతీ

కాగితం మీద పెన్నుతో సంతకం చేస్తే కదిలేవి వేళ్ళూ, మణికట్టూ. అదే సంతకం బోర్డు మీద మార్కరుతో పెద్దగా చేస్తే పని మోచెయ్యికీ, భుజానికీ పడుతుంది. బీచిలో తడి ఇసక మీద కాలి బొటనవేలితో రాశారనుకోండి, చేతికి అసలు పనే లేదు. అయినా మూడూ చూసినవాడు "ఇది నీ రాతే" అనేస్తాడు. అంటే మెదడులో దాచుకున్నది "ఈ కండరాన్ని ఇంత బిగించు, ఆ కండరాన్ని అంత వదులు" అనే జాబితా అయ్యుండదు. మూడుసార్లూ కండరాలే వేరు కదా! మరి దాచుకున్నదేంటి?

ఈ ప్రశ్న వెనక పడి, జీవితంలో చాలానే పోగొట్టుకున్న మనిషి నికొలాయ్ బెర్న్‌స్టైన్. 1896లో మాస్కోలో పుట్టాడు. నాన్న సైకియాట్రిస్టు, బాబాయి సెర్గెయ్ బెర్న్‌స్టైన్ పేరున్న గణితవేత్త. ఈయన డాక్టరీ చదివాడు గానీ లెక్కల పిచ్చి మాత్రం పోలేదు. అంతర్యుద్ధంలో ఎర్రసైన్యానికి డాక్టరుగా పనిచేసి, 1922లో మాస్కోలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లేబర్‌లో చేరాడు.

ఆ సంస్థ కథ తమాషాగా ఉంటుంది. పెట్టినవాడు అలెక్సెయ్ గాస్తెవ్, ఒక కవి. అమెరికాలో టేలర్ అనే ఆయన స్టాప్‌వాచీ పట్టుకుని కార్మికుల పనిని ముక్కలు ముక్కలుగా కొలిచాడు చూశారూ, ఆ పద్ధతికి ఈ విప్లవకవి వీరాభిమాని. మనిషిని కూడా యంత్రంలాగే ట్యూన్ చెయ్యొచ్చని ఆయన నమ్మకం. కొత్తగా చేరినవాళ్ళ చేతికి యంత్రానికి కట్టిన సుత్తినిచ్చి, ఆ ఊపు ఒంటికి పట్టేదాకా ఆడించేవాళ్ళట. (టైమ్‌షీట్లు నింపే మనకి ఈ ఆలోచన మరీ కొత్తేం కాదులెండి.) ఆ గాస్తెవ్‌ని 1938లో అరెస్టు చేసి, మరుసటేడు కాల్చేశారు. అది వేరే కథ.

బెర్న్‌స్టైన్‌కి అప్పగించిన పని, ఉలి మీద సుత్తితో కొట్టే "సరైన" కదలిక ఏదో కనిపెట్టడం. ఆయన కార్మికుడి కీళ్ళకీ, సుత్తికీ చిన్న చిన్న బల్బులు కట్టాడు. కెమెరా ముందు తిరిగే షట్టరు పెట్టి, సెకనుకి వందకు పైగా ఫోటోలు ఒకే ఫిల్ము మీద పడేట్టు చేశాడు. ఆ చుక్కలనుంచి ఒక్కో కీలు వేగమూ, త్వరణమూ, బలమూ లెక్కకట్టాలి. కంప్యూటర్లు లేవు, అంతా చేత్తోనే.

తేలిందేమిటంటే, చెయ్యి తిరిగిన పనివాడి సుత్తి తల ప్రతిసారీ దాదాపు ఒకే దారిలో వెళ్తోంది. కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ప్రతి దెబ్బకీ కొంచెం తేడాగా కదులుతున్నాయి. ఒక కీలు కాస్త అటు పోతే ఇంకొకటి ఇటు సర్దుకుంటోంది. అంటే వెతకమన్న ఆ "ఒకే సరైన కదలిక" అసలు లేదు!

ఎందుకు లేదో మన భాషలో చెప్తాను. భుజం నుంచి మణికట్టు దాకా చేతికి 7 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉన్నాయి. సుత్తి ఎక్కడుండాలో, ఎటు తిరిగుండాలో చెప్పడానికి 6 చాలు. 6 సమీకరణాలు, 7 తెలియని రాశులు. జవాబులు లెక్కలేనన్ని. పైగా కండరమేమీ మోటారు కాదు. అదే ఆజ్ఞ పంపినా అప్పటికి అది ఎంత సాగి ఉంది, ఎంత వేగంగా కదులుతోంది అన్నదాన్నిబట్టి వేరే బలం వస్తుంది. కాబట్టి మెదడు ఆజ్ఞకీ, కదలికకీ ఒకటికొకటి సంబంధం ఉండే వీల్లేదనీ, శరీరం నుంచి వెనక్కొచ్చే సమాచారంతో ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవలసిందేననీ 1935లో రాశాడు. ఫీడ్‌బ్యాక్ అనగానే మనకి గుర్తొచ్చే వీనర్ పుస్తకం సైబర్నెటిక్స్ వచ్చింది 1948లో.

సైకిల్ కొత్తగా నేర్చుకునేవాణ్ణి చూడండి, కర్రలా బిగుసుకుపోతాడు. అది భయం ఒక్కటే కాదంటాడు బెర్న్‌స్టైన్. ముందు కీళ్ళని బిగించేసి తెలియని రాశుల్ని తగ్గించుకుంటాం. చెయ్యి తిరిగేకొద్దీ ఒక్కోటీ వదులుతాం. బాగా వచ్చేశాక సైకిలు ఊపునే మన పనికి వాడుకుంటాం. సాధన అంటే ఒకే జవాబుని వందసార్లు దింపుకోవడం కాదు, ఆ లెక్కని వందసార్లు చెయ్యడం అన్నది ఆయన వాదన.

ఇందులో గొడవేముంది అంటారా? ఉంది. అప్పటి సోవియట్ దేశంలో శరీరధర్మశాస్త్రం అంటే పావ్లోవ్. గంట కొడితే కుక్కకి చొంగ కారడం మనమూ స్కూల్లో చదివాం. బయటినుంచి ప్రేరణ, లోపల్నుంచి ప్రతిచర్య, పదే పదే చేస్తే దారి గట్టిపడుతుంది, అంతే నేర్చుకోవడమంటే. బెర్న్‌స్టైన్ దృష్టిలో మొదట ఉండేది ప్రేరణ కాదు, చెయ్యాలనుకున్న పని. పావ్లోవ్‌ని విమర్శిస్తూ ఆయన రాసిన పుస్తకం 1936లో అచ్చుకి సిద్ధమైంది. సరిగ్గా ఆ ఫిబ్రవరిలో పావ్లోవ్ పోయారు. జవాబు చెప్పలేని మనిషి మీద విమర్శ వద్దని తనే ఆపేశాడంటారు. అది 2003 దాకా బయటికి రాలేదు. నాకైతే ఆయన కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

తర్వాతి వాళ్ళు ఆయనకి ఆ మర్యాద చూపించలేదు. 1947లో కదలికల నిర్మాణం మీద పెద్ద పుస్తకం వేశాడు, 1948లో దానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. రెండేళ్ళకే, 1950 జూన్ 28 నుంచి జులై 4 దాకా సైన్స్ అకాడమీ, వైద్య అకాడమీ కలిసి "పావ్లోవ్ సమావేశం" పెట్టాయి. ఒర్బెలి, అనోఖిన్, బెరిటాష్విలి లాంటి పెద్దవాళ్ళనే నిలదీశారు. యూదు మూలాలున్న మేధావుల మీద వేట అప్పటికే నడుస్తోంది. బెర్న్‌స్టైన్ మీద పావ్లోవ్ వ్యతిరేకి అన్న ముద్ర పడింది. ల్యాబులు పోయాయి. బహుమతి ఇచ్చిన ప్రభుత్వమే ఇదంతా చేసింది. విదేశీ వైద్య వ్యాసాలకి సంగ్రహాలు రాసుకుంటూ బతికాడు.

1953లో స్టాలిన్ పోయాక, సైబర్నెటిక్స్ మీద నిషేధం సడలాక, గణితవేత్త ఇజ్రాయెల్ గెల్‌ఫాండ్ చుట్టూ చేరిన కుర్రాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. 1966 జనవరిలో చనిపోయాడు. ఇంగ్లీషులో ఆయన వ్యాసాల పుస్తకం వచ్చింది మరుసటేడు, పాశ్చాత్య ల్యాబులన్నీ అప్పుడు తెలుసుకున్నాయి. 2002లో టొడొరోవ్, జోర్డాన్ అనే ఇద్దరు, పనికి అడ్డురాని తేడాల్ని మెదడు సరిదిద్దే ప్రయత్నమే చెయ్యదని గణితంతో చూపించారు. సుత్తి తల నిలకడ, మోచేతి అల్లరి రెండూ ఆ నమూనాలో ఒకేసారి ఇమిడిపోతాయి.

అన్నట్టు, మామూలు పాఠకుల కోసం నేర్పు గురించి ఆయన రాసిన పుస్తకమొకటి ఉంది. 1940ల్లోనే తయారైతే, గొడవల్లో అచ్చు ఆగిపోయి 1991లో వెలువడింది. ఇంగ్లీషు అనువాదం 1996లో వచ్చింది. చదవాలనుకుంటే దాంతోనే మొదలెట్టండి. 1967 నాటిది కాస్త గట్టి సరుకు, పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోవాలి :)