అక్క పావడా

మా ఇళ్ళల్లో పావడా ఎప్పుడూ ఒక్క పిల్ల కోసం కుట్టించేవారు కాదు. అంచుకి కాస్త పైన రెండో మూడో మడతలు పెట్టి కుట్టించి, పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కోటీ విప్పేవారు. జాకెట్టు పక్క కుట్ల లోపల కూడా గుడ్డ వదిలేవారు. టైలరుతో "ఎదిగే పిల్ల, కాస్త వదులుగా కుట్టు బాబూ" అనని తల్లి ఉండేది కాదు. మడత విప్పిన చోట రంగు వెలవని గీత ఒకటి మిగిలిపోయేది. ఎన్ని గీతలుంటే ఆ పావడాకి అన్నేళ్ళన్నమాట! పెద్దదానికి మడతలన్నీ అయిపోయాక, మళ్ళీ పైకి మడిచి కుట్టి చిన్నదానికి వేసేవారు.

దీన్ని మనం పొదుపు అనేస్తాం. కానీ ఆ పొదుపు వెనకాల గుడ్డ కరువు కూడా ఉంది. అన్నం కరువుల గురించి చదువుకున్నంతగా గుడ్డ కరువు గురించి మనం చదువుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను వాళ్ళు బాంబులు వేశారు. దాని గురించి అందరికీ తెలుసు. ఇళ్ళల్లో ఆడవాళ్ళని ఎక్కువకాలం వేధించింది మాత్రం బట్ట. మిల్లుల గుడ్డలో పెద్ద భాగం సైన్యానికి వెళ్ళిపోయింది. చేనేత వాళ్ళకి నూలు దొరకడం కష్టమైంది. ధరలు పైకి పోయాయి. 1943లో ప్రభుత్వం నూలు మీదా బట్ట మీదా కంట్రోలు పెట్టి, మిల్లు గుడ్డ మీద ధర ముద్ర వేయించింది. మన పెద్దవాళ్ళ నోట "కంట్రోలు బట్ట" అన్న మాట వచ్చింది అప్పుడే.

అప్పటికి మా అమ్మమ్మకి 13 ఏళ్ళు, చెల్లెలికి ఐదు. ఆ ఏడు సంక్రాంతికి ఇంట్లోకి కొత్త గుడ్డ రాలేదు. అమ్మమ్మ పావడా చిన్నది చేసి చెల్లెలికి కుట్టారట. ఆ పిల్ల వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి, "మా అక్కది, ఇప్పుడు నాది" అని చెప్పి వచ్చిందట. అమ్మమ్మ ఇది నవ్వుతూనే చెప్పేది. "మరి నీకేం వచ్చింది అమ్మమ్మా?" అని అడిగితే, "మా అమ్మ పాత చీర చింపి పరికిణీ కుట్టారే" అని ఊరుకునేది. ఆ చీర ఇచ్చేశాక వాళ్ళమ్మకి ఎన్ని చీరలు మిగిలాయో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మనల్ని ఏలుతున్న ఇంగ్లండులోనూ అదే అవస్థ. అక్కడ 1941 జూన్ 1న బట్టలకి రేషను పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు. పాతవాటిని బాగుచేసుకుని వాడుకోమని 1943లో ప్రభుత్వమే చిన్న పుస్తకం వేసింది. పిల్లలకి పొట్టైపోయిన బట్టలు ఇచ్చి పెద్ద సైజువి తెచ్చుకునే కేంద్రాలు కూడా ఆడవాళ్ళే నడిపారు. ఆ రేషను 1949 మార్చి దాకా సాగింది. అంటే యుద్ధం ముగిసిన నాలుగేళ్ళకి గానీ పోలేదు.

ఇంతకీ ఆ ఐదేళ్ళ పిల్లకి అంత సంబరం ఎందుకు? కరువు సంగతి దానికి తెలీదు. అక్క పావడా వేసుకుంటే తనూ అక్కంత అయిపోయినట్టే. మా చిన్నదానికి నాలుగేళ్ళప్పుడు అక్క స్కూలు స్వెట్టరు ఇచ్చాను. చేతులు మడిచి పెట్టబోతే ఒప్పుకోలేదు, వేళ్ళు కనపడకపోయినా అలాగే తిరిగింది. కొత్త గౌనుకి ఆ మర్యాద దక్కలేదు.

అయితే ఈ సంబరం ఆరేడేళ్ళ దాకానే. ఆ తర్వాత పిల్లలకి లెక్కలొచ్చేస్తాయి. మా అమ్మ మూడో ఆడపిల్ల. ఇద్దరక్కల ఒంటి మీంచి దిగినవే కట్టింది. ఆమె వెనకాల పుట్టిన మావయ్యకి మాత్రం పండగ పండగకీ కొత్త చొక్కా. మగపిల్లాడికి పరికిణీలు వేయలేరు కదా అని సర్దిచెప్పేవారట. నిజమే కానీ, బట్టలకొట్లో ముందు ఎవరి గుడ్డ చింపించేవారో కూడా అమ్మకి బాగా గుర్తుంది. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మ నవ్వదు.

ఇప్పటి రెడీమేడ్ గౌన్లలో విప్పడానికి మడతలుండవు, లోపల కుట్టు పక్కన వేలెడు గుడ్డ కూడా వదలరు. అందుకే మొన్న మా పెద్దదాని పట్టు పావడాకి నేనే దగ్గరుండి మూడు మడతలు పెట్టించాను. చిన్నది పక్కన నిలబడి, అందులో తనకొచ్చే మడత ఏదో టైలరుని అడిగింది.