ఖుష్మో: కూలిన అడవికి నీటిదారి

టుంగుస్కా పేలుడు అనగానే అందరికీ ఆకాశమే గుర్తొస్తుంది. 1908 జూన్ 30 ఉదయం ఏడు గంటలు దాటాక సైబీరియా మీదుగా దూసుకొచ్చిన అగ్నిగోళం, చెవులు చిల్లులు పడే ఉరుములు, ఆ తర్వాత కొన్నాళ్లపాటు యూరప్‌లో సరిగా చీకటిపడని రాత్రులు. ఈ కథను వందసార్లు చెప్పారు. కానీ ఆ పేలుడు ఏ నేల మీద జరిగింది, ఆ నేలలో నీళ్లు ఎటు పారతాయి, మనుషులు అక్కడికి ఎలా వెళ్లగలరు అన్నది చెప్పేవాళ్లు తక్కువ. శాస్త్రవేత్తలు ఆ చోటికి చేరడానికి 19 ఏళ్లు ఎందుకు పట్టిందో, చేరాక కూడా ఏళ్ల తరబడి ఎందుకు పొరబడ్డారో అర్థం కావాలంటే ఖుష్మో అనే చిన్న నది దగ్గర మొదలుపెట్టాలి.

ఖుష్మో పెద్ద నదేమీ కాదు. మధ్య సైబీరియా పీఠభూమి మీద, 61వ ఉత్తర అక్షాంశం దగ్గర, లార్చ్ చెట్ల అడవుల మధ్య మెలికలు తిరుగుతూ పారి చాంబా నదిలో కలుస్తుంది. చాంబా వెళ్లి పోద్‌కామెన్నయ టుంగుస్కాలో పడుతుంది. అది దాదాపు 1,800 కిలోమీటర్లు పారే నది. దాని నీళ్లు యెనిసేయ్‌లో చేరి, చివరికి ఉత్తరాన కారా సముద్రానికి పోతాయి. ఖుష్మోకి ఉత్తరాన, కొన్ని కిలోమీటర్ల దూరంలో, కిమ్చు అనే మరో చిన్న నది ఉంది. అది చున్యా నది వైపు పారుతుంది. చున్యా కూడా చివరికి పోద్‌కామెన్నయ టుంగుస్కాకే చేరుతుంది. ఈ రెండు చిన్న నదుల నడుమ చిత్తడి నేలలు, వాటిచుట్టూ గుండ్రంగా తక్కువ ఎత్తు కొండలు. ఆ రోజు ఆకాశంలో పేలింది సరిగ్గా ఈ నీటివిభజన మీద.

కొండల వలయంలో ఉన్న దక్షిణపు చిత్తడి నీటిని చుర్గిమ్ అనే వాగు తీసుకుని, చిన్న జలపాతంగా దూకి, ఖుష్మోలో కలుపుతుంది. బయటి ప్రపంచం నుంచి నేలదారిన ఈ వలయంలోకి రావడానికి అనువైన గుమ్మం ఆ వాగే.

ఇక్కడి రాయి గురించి ఒక మాట చెప్పాలి. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతమంతా లావాతో నిండింది. సైబీరియన్ ట్రాప్స్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచేది దాన్నే. మన ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లో కనిపించే నల్లరాయి కూడా అలాంటి లావాదే. అది దక్కన్ ట్రాప్స్‌కి చెందినది, సైబీరియా లావా కన్నా చాలా చిన్న వయసుది. ఖుష్మో పక్కనున్న కొండల వలయం పురాతన అగ్నిపర్వత నిర్మాణపు అవశేషం. ఆకాశం నుంచి ఏదో పడి ఈ వలయం ఏర్పడిందని ఎవరైనా మొదటి చూపులో అనుకోవడం సహజమే. నిజానికి అది 1908 కన్నా కోట్ల ఏళ్ల ముందునుంచే ఉంది.

నేల పైభాగంలో మాత్రం మరో సంగతి ఉంది. కొద్ది లోతు దాటగానే ఏడాది పొడవునా గడ్డకట్టే ఉండే మట్టి. వేసవిలో పైపొర మాత్రం కరుగుతుంది, నీళ్లు కిందికి ఇంకవు. అందుకే ఎక్కడ చూసినా బురద, నాచు, దోమలు. చలికాలంలో నదులు గడ్డకడితే వాటి మీదుగా స్లెడ్జి బండ్లు నడుస్తాయి. వసంతంలో మంచు విరిగాక నీరు ఉబికి వస్తుంది, అప్పుడు తెప్పలు తప్ప మార్గం లేదు. ఈ లెక్కను ఇక్కడి స్థానిక తెగ ఎవెంకులు తరతరాలుగా ఎరుగుదురు. రెయిన్‌డీర్ మందల్ని తోలుకుంటూ ఈ వాగుల వెంటే వాళ్ల బతుకు. 1908 నాటి పేలుడు వాళ్ల గుడారాల్ని ఎగరగొట్టింది, వాళ్ల మందల్ని కాల్చేసింది. ఇన్నొకెంతి సుస్లోవ్ అనే జాతుల పరిశోధకుడు 1926లో చున్యా తీరాన జరిగిన ఎవెంకుల సమావేశంలో వాళ్ల మాటల్ని రాసుకున్నాడు. చుచన్చా, చెకారెన్ అనే అన్నదమ్ములు అవర్కిట్టా నది ఒడ్డున తమ గుడారంలో ఉండగా ఏం జరిగిందో చెప్పింది అలా దక్కిందే. నిద్రలేచేసరికి గాలి గుడారాన్ని తోసేసింది, చెట్లు కూలుతున్నాయి, ఉరుముల మీద ఉరుములు. ఉరుముల దేవుడు ఆగ్దీ కోపంతో దిగొచ్చాడని ఎవెంకులు చెప్పుకున్నారు. విద్యావంతులు దాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేశారు. నాకు మాత్రం ఆ సాక్ష్యాలు ఎంతో విలువైనవిగా తోస్తాయి. ఎక్కడ పడిందో, అడవి ఎటు కూలిందో అందరికన్నా ముందు తెలిసింది వాళ్లకే.

లియోనిద్ కులిక్ కథ ఇక్కడ మొదలవుతుంది. ఖనిజ శాస్త్రజ్ఞుడు, అడవుల చదువు చదివినవాడు. 1921లో ఒక పాత కేలండర్ కాగితం మీద అచ్చయిన, ఉల్క పడిందన్న వార్త ఆయనకి చేరింది. అప్పటినుంచి ఆ ఉల్కను వెతకడం ఆయనకి జీవితమైపోయింది. 1927 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాద్ నుంచి బయల్దేరాడు. తైషెత్ వరకు రైలు, అక్కడినుంచి గుర్రాల స్లెడ్జిల మీద అంగారా ఒడ్డున కెజ్మా, ఆపై వనవారా. పేలుడు చోటికి దాదాపు 65 కిలోమీటర్ల దూరంలోని వ్యాపార కేంద్రమది. పేలుడు రోజున సెమ్యోనోవ్ అనే వ్యక్తి ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా, ఒంటిమీది చొక్కా అంటుకుందేమో అన్నంత వేడి తగిలింది, ఆ వెంటనే గాలి దెబ్బకి ఎగిరిపడ్డాడు. ఆ అరుగు ఉన్నది ఈ వనవారాలోనే.

మొదటి ప్రయత్నం నేలదారిన. ఇల్యా పొతాపొవిచ్ లుచెత్కాన్ అనే ఎవెంకు దారి చూపాడు. ఏప్రిల్‌లో షఖ్రామా కొండ ఎక్కి చూస్తే దిగంతం దాకా పడిపోయిన చెట్లు. అక్కడితో ఎవెంకులు ఆగిపోయారు, ఆ నేల మీద అడుగు వేయడానికి ఒప్పుకోలేదు. కులిక్ వెనక్కి వచ్చి మనుషుల్ని మార్చుకుని ఈసారి నీటిదారి పట్టాడు. చాంబా మీద తెప్పలతో దిగువకి పోయి, ఖుష్మోలో ఎదురు ప్రవాహాన పైకి వెళ్లి, మే నెలాఖరుకి చుర్గిమ్ వాగు కలిసేచోట దిగాడు. ఆ వాగు వెంట పైకెక్కి కొండల వలయంలోకి చేరాక ఆయనకి అసలు సంగతి కనిపించింది. చెట్లన్నీ ఒకే కేంద్రం నుంచి నలువైపులా పడి ఉన్నాయి. అన్నింటి వేర్లూ మధ్యకే చూస్తున్నాయి. మధ్యలో మాత్రం కొమ్మలు ఊడి, బెరడు పోయి, టెలిగ్రాఫ్ స్తంభాల్లా నిటారుగా నిలబడ్డ చెట్లు. గాలి దెబ్బ నడినెత్తి మీదినుంచి పడినచోట చెట్టు పక్కకు ఒరగదు. ఈ గుర్తు ఒక్కటే చాలు, పేలుడు నేలను తాకకముందే గాలిలో జరిగిందని చెప్పడానికి. అప్పట్లో దాన్ని అలా చదవగలిగినవాళ్లు లేరు.

చిత్తడిలో కులిక్‌కి గుండ్రని గుంటలు కనిపించాయి. ఉల్క ముక్కలు పడ్డ గుంటలని నమ్మాడు. ఖుష్మో ఒడ్డున, గుంటల దగ్గర దుంగలతో గుడిసెలు కట్టించాడు. 1929లో ఒక పెద్ద గుంటకి సుస్లోవ్ పేరు పెట్టి, దాని నీళ్లు బయటికి పోయేలా పార, గొడ్డలితో కాలువ తవ్వించాడు. నీళ్లు పోయాక అడుగున కనిపించింది ఒక చెట్టు మొద్దు. వేర్లు మట్టిలో సహజంగా పాతుకుని ఉన్నాయి. అక్కడ ఉల్క పడి ఉంటే ఆ మొద్దు మిగలదు. కులిక్ ఒప్పుకోలేదు, లోతుగా బోర్లు వేయిస్తూ పోయాడు. ఉల్క ఇనుము దొరకలేదు. నిజానికి ఆ గుంటలు గడ్డకట్టిన నేలలోని మంచు కరిగి, పైమట్టి కుంగి ఏర్పడినవి. అలాంటివి సైబీరియా ఉత్తర ప్రాంతాల్లో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఖుష్మో నేల స్వభావం తెలియకుండా ఆకాశపు ఆనవాళ్లు వెతకడం వల్ల ఎంత శ్రమ వృథా అయిందో తలుచుకుంటే బాధేస్తుంది. ఆయన పట్టుదలను మాత్రం తక్కువ చేయలేం. 1938లో అడవికి విమానం నుంచి ఫొటోలు తీయించాడు, 1939లో మళ్లీ వెళ్లాడు. యుద్ధం రాగానే స్వచ్ఛందంగా సైన్యంలో చేరి, జర్మన్లకు పట్టుబడి, 1942 ఏప్రిల్‌లో టైఫస్‌తో చనిపోయాడు.

ఆయన తర్వాత తోమ్‌స్క్ నుంచి యువ శాస్త్రవేత్తలు, విద్యార్థులు 1950ల చివర్నుంచి ప్రతి వేసవీ ఆ దోమల మధ్యకి వెళ్లారు. వాళ్లలో ఒకడైన విల్హెల్మ్ ఫాస్ట్ పడిపోయిన వేలాది చెట్ల దిక్కుల్ని కొలిచి పటం గీశాడు. కూలిన అడవి వృత్తంగా లేదు, రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో ఉంది. వస్తువు ఏటవాలుగా వచ్చి, ఐదు నుంచి పది కిలోమీటర్ల ఎత్తులో పేలిందనడానికి ఆ ఆకారమే ఆధారం. చిత్తడిలోని నాచు పొరలు ఏటికేడాది పేరుకుంటాయి కాబట్టి 1908 నాటి పొరను విడదీసి, అందులోని సూక్ష్మ ధూళిని వెతికారు. కులిక్‌ని మోసం చేసిన చిత్తడే ఇలా తర్వాతివాళ్లకి సాక్ష్యం ఇచ్చింది.

కిమ్చు వైపు తగవు ఇంకా తాజాగానే ఉంది. ఆ నది చెకో అనే చిన్న సరస్సు గుండా పోతుంది. అది పేలుడు కేంద్రానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉంది, లోతు యాభై మీటర్ల వరకు. 2007లో ఇటలీలోని బొలోన్యా పరిశోధకులు ఇది ఉల్క ముక్క పడి ఏర్పడిందన్నారు. పదేళ్ల తర్వాత రష్యన్ పరిశోధకులు సరస్సు అడుగు మట్టి పొరల్ని లెక్కించి, దాని వయసు కనీసం 280 ఏళ్లని తేల్చారు. అంటే పేలుడు కన్నా పాతది. రష్యన్ల లెక్కే నాకు నమ్మకంగా ఉంది. ఏ వాదన అయినా ఆ అడుగు మట్టి ముందు నిలబడి తీరాలి.

1995లో ఈ ప్రాంతమంతా టుంగుస్కా రక్షిత అరణ్యంగా మారింది. విస్తీర్ణం దాదాపు 3,000 చదరపు కిలోమీటర్లు. చుట్టుపక్కల కొండలకి కులిక్ పెట్టిన ఫారింగ్టన్, స్తొయ్‌కొవిచ్ వంటి ఉల్కా శాస్త్రవేత్తల పేర్లు పటంలో ఉన్నాయి. నదులూ వాగులూ మాత్రం ఎవెంకులు పిలుచుకున్న పేర్లతోనే నిలిచాయి. వనవారా నుంచి కులిక్ గుడిసెల వైపు అడవిలో ఇప్పటికీ కాలిబాట ఉంది. వేసవిలో వెళ్లేవాళ్లు ఖుష్మో ఒడ్డున దిగి, చుర్గిమ్ వెంట పైకెక్కుతారు.