రంగం స్టీమరుకు ముందు మజిలీ

తూర్పు తీరం నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లినవాళ్ల చరిత్రలో సముద్రం గురించీ, అవతలి ఒడ్డున పడ్డ పాట్ల గురించీ చాలా రాశారు. ఓడ ఎక్కడానికి ముందు గడిపిన ఒకటి రెండు రాత్రుల గురించి మాత్రం దాదాపు ఎవరూ రాయలేదు. 1890ల్లో మద్రాసు, కలకత్తాలను కలుపుతూ వేసిన రైలుమార్గం కాకినాడను పక్కన వదిలేసి సామర్లకోట మీదుగా పోయింది. అందుకే ఇటు రాజమండ్రి వైపు నుంచి గానీ అటు విశాఖ వైపు నుంచి గానీ రైల్లో వచ్చిన కూలీ సామర్లకోటలో దిగి కాకినాడ బండి పట్టుకోవాల్సి వచ్చేది. అంతకు ముందే ధవళేశ్వరం ఆనకట్ట కాలువల మీద పడవలు కూడా కొన్ని సామర్లకోట మీదుగా రేవుకు చేరేవి. బయల్దేరిన ఊరికీ ఓడకూ మధ్యనున్న ఈ మజిలీలో మనిషికి రక్షణ దొరకలేదంటే అతని అజాగ్రత్త కారణం కాదనీ, అక్కడ అతని మంచిచెడ్డలు ఎవరి బాధ్యతా కాకపోవడమే కారణమనీ నా వాదన.

మజిలీ ఎందుకు సాగేదో రేవును చూస్తే తెలుస్తుంది. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. స్టీమర్లు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరంలో లంగరు వేసేవి, జనాన్ని పడవల్లో వాటి దగ్గరికి చేర్చేవారు. గాలి తిరిగితే పడవ కదలదు, పడవ కదలకపోతే టికెట్టు చేతిలో ఉన్నా ప్రయాణం లేదు. పైగా బర్మాలో వరికోతలూ ఆ తర్వాత మిల్లుల పనీ అందుకోవాలంటే అక్టోబరు, నవంబరుల్లోనే కదలాలి. మన తీరానికి అవి తుపాను నెలలు. కోరంగి రేవును ముంచేసిన 1839 తుపాను వచ్చిందీ నవంబరులోనే. కాబట్టి ఒక రాత్రి అనుకున్నది నాలుగు రాత్రులు కావడం వింత కాదు. ఆ నాలుగు రాత్రులూ రొండిన దోపుకొన్న బయానా డబ్బుతో, ఎక్కడివో తెలియని నీళ్లు తాగుతూ, తెలియని మనుషుల మధ్య గడపాలి. నీటి ద్వారా కలరా తరచూ వ్యాపించే ఆ రోజుల్లో దొంగకన్నా ఎక్కువగా భయపడాల్సింది ఆ నీటికే.

చట్టం ఈ రాత్రులను చూడలేదు. 1887 నాటి నేటివ్ ప్యాసెంజర్ షిప్స్ చట్టం ఓడలో ఎంతమందిని ఎక్కించవచ్చో లెక్క కట్టింది, ఒడ్డున పడిగాపులు పడ్డవాళ్ల జోలికి రాలేదు. 1922 వలస చట్టం బ్రిటిష్ ఇండియా దాటి వెళ్లే కూలీలకు వర్తించింది. బర్మా 1937 దాకా ఇండియాలోనే ఒక భాగం కాబట్టి రంగం కూలీ ఆ చట్టం దృష్టిలో వలస కూలీయే కాదు. అదే కాలంలో సిలోను తోటలకు వెళ్లేవాళ్లు మండపం క్యాంపులో, మలయా రబ్బరు తోటలకు వెళ్లేవాళ్లు మద్రాసు పక్కన ఆవడి డిపోలో ఆగేవారు. అక్కడ కప్పు ఉంది, తిండి ఉంది, డాక్టరు ఉన్నాడు. విశాఖ వైపు నుంచి మలయాకు వెళ్లే తెలుగు కూలీ ఇదే రైల్లో సామర్లకోట దాటి ఆవడి చేరుకునేవాడు. రంగం కూలీ ఇక్కడ దిగిపోయేవాడు. ఇద్దరిదీ ఒకే పేదరికం, ఇద్దరూ దాటేది ఒకే బంగాళాఖాతం. ఒకరి మజిలీకి ఖర్చు పెట్టేవారున్నారు, మరొకరికి లేరు.

డిపో అంటే సగం జైలు కాదా అని అడగవచ్చు. నిజమే. తోటల యజమానులకు ఆరోగ్యమైన చేతులు కావాలి, ఆ లెక్కతోనే కంచె వేసి కాపలా పెట్టారు. ఆ నిర్బంధాన్ని నేను సమర్థించను. కానీ కంచె తప్పయితే తీసేయాల్సింది కంచెనే, తిండినీ వైద్యాన్నీ కాదు. రంగం కూలీకి బయానా ఇచ్చి తీసుకెళ్లే మేస్త్రీ ఉన్నాడు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. అవును, తెలిసినవాడు, తన జిల్లావాడు, గుంపును కలిపి నడిపించేవాడు. మూట పోకుండా, మనిషి తప్పిపోకుండా చూసుకున్నది అతనే. అయితే అతను కాపాడింది తానిచ్చిన బయానాను. కూలీ జ్వరపడితే అది మేస్త్రీకి నష్టం, ఆ నష్టాన్ని కూలీ అప్పులో కలిపేయడానికి అడ్డేమీ లేదు. ఊరివాళ్లంతా ఒక గుంపుగా కదిలి, రాత్రి వంతులవారీగా మేలుకొని ఉంటేనే కొంత నిజమైన భద్రత. ఒంటరిగా వచ్చినవాడికి, అందులోనూ ఆడమనిషికి, అదీ లేదు.

మరి సత్రాలో? సామర్లకోట కుమారారామ భీమేశ్వరుడి ఊరు, పంచారామాల్లో ఒకటి, యాత్రికులకు ఆతిథ్యమివ్వడం ఎరిగిన చోటు. డెల్టాలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ 1909లో కన్నుమూసేదాకా దారినపోయేవాళ్లకు అన్నం పెట్టింది. ఆమెను తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవంతో పాటు ఒక బాధ కూడా కలుగుతుంది: ఒక ఇల్లాలు చేసిన పని ఒక ప్రభుత్వం ఎందుకు చేయలేకపోయింది? ఇక ఆనాటి సత్రాల్లోనైతే చాలావాటి తలుపు కులం చూసి తెరుచుకునేది. రంగం వెళ్లినవాళ్లలో భూమి లేని, కింది మెట్టు మీద ఉంచిన కులాలవాళ్లే ఎక్కువ. యాత్రికుడికి పరిచిన చాప వాళ్లకు అందలేదు. 1931 నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు. వాళ్లలో కాకినాడ రేవు మీదుగా వెళ్లిన తెలుగువాళ్లు పడుకోవడానికి మిగిలింది స్టేషను ఆవరణ, కాలువ గట్టు, చెట్టు నీడ. చివరికి 1941లో బర్మా వలసను అనుమతి పత్రాలతో కట్టడి చేసే ఒప్పందం కుదిరింది. అదే ఏడాది డిసెంబరు 23న రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ తర్వాత లక్షలాదిమంది అడవుల వెంట కాలినడకన ఇండియాకు తిరిగి వచ్చారు.